పత్తి ధర చివరి అంకె

1887 నాటి బొంబాయి జూద నిరోధక చట్టంలో జూదగృహం అంటే ఏమిటో చెప్పే నిర్వచనం ఒకటుంది. తర్వాతి సవరణలతో కలిపి చదివితే, పేకముక్కలూ పాచికలూ ఉంచే ఇళ్ల సంగతి అందులో ఆలస్యంగా వస్తుంది. ముందు వచ్చేవి వేరు: పత్తి ధర మీద కాసే పందెం, నల్లమందు ధర మీద పందెం, ఆ ధరను చెప్పే సంఖ్యలోని అంకెల మీద పందెం, వాన పడుతుందా లేదా, పడితే ఎంత పడుతుంది అన్నదాని మీద పందెం. చట్టం వీటన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. నేరం దృష్టితో చూస్తే అది సబబే. లెక్క దృష్టితో చూస్తే మాత్రం ధర మీద పందేనికీ, ధరలోని చివరి అంకె మీద పందేనికీ మధ్య పెద్ద అగాధం ఉంది. పత్తి ధర పెరుగుతుందా తగ్గుతుందా అని చెప్పడానికి పంట సంగతి, ఓడల సంగతి, మిల్లుల సంగతి తెలిసినవాడు తెలియనివాడికంటే మెరుగు. ఆ ధర చివర మూడు వస్తుందా ఏడు వస్తుందా అని చెప్పడానికి వాళ్లిద్దరూ సమానమే. బొంబాయి మిల్లు వాడల్లో పుట్టి భివండీ మరమగ్గాల దాకా పాకిన మట్కా ఈ రెండో రకం ఆట. మొదటి రకం ఆట వేషంలో బతికింది. అక్కడి కార్మికులు లెక్క రాక డబ్బు పోగొట్టుకున్నారని అనుకోవడం అన్యాయం. వాళ్లు విపరీతంగా లెక్కలు వేశారు. లెక్కకు పని కల్పించని ఆటలో వేశారు, అంతే.

భివండీలో ఈ సంగతి తెలుగువాళ్లకు దూరపు ముచ్చట కాదు. కామాఠీలుగా పేరుపడ్డ తెలుగు కూలీలు, మేస్త్రీలు బొంబాయి నగరాన్ని కట్టిన కాలం నుంచే నిజాం రాజ్యపు పల్లెలకూ ఆ తీరానికీ రాకపోకలు ఉన్నాయి. ఆ తర్వాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు చేతిమగ్గం తిండి పెట్టక బొంబాయి మిల్లులకు, సోలాపూర్‌కు, సూరత్‌కు, భివండీకి వెళ్లారు. బొంబాయిలో వర్లీ, లోయర్ పరేల్ చాళ్లు, భివండీలో పద్మానగర్ వాళ్ల చోట్లయ్యాయి. భివండీలో అంతకుముందే ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లు ఉన్నారు. కరెంటు వచ్చాక 1930ల నుంచి చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు చేరాయి, వాటిలో చాలా భాగం బొంబాయి మిల్లులు తీసేసిన పాత సాంచాలే. ఒక్కో కార్మికుడు నాలుగైనా, ఆరైనా సాంచాలు చూసుకుంటూ పన్నెండు గంటల షిఫ్టు నడిపేవాడు. పగారు రోజుకింత అని కాదు, నేసినదాన్ని బట్టి. అంగుళానికి ఎన్ని పిక్కులు (అడ్డపోగులు), ఎన్ని మీటర్లు దిగింది, రేటెంత, బీము మారిస్తే ఎన్ని గంటలు పోయాయి, కరెంటు పోతే ఎంత తగ్గింది అన్న లెక్క ప్రతివాడి తలలోనూ నడుస్తుండేది. ఇళ్లకు దూరంగా ఉన్న మగవాళ్లు భిస్సీలనే మెస్సుల్లో తిని, నెలకింత అని కట్టి, మిగిలింది ఊరికి పంపేవాళ్లు. అంకెలకు భయపడని మనుషులు వీళ్లు. తర్వాత చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది.

మట్కా పుట్టుక పత్తిలోనే. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజిలో తెరిచేటప్పటి ధర, మూసేటప్పటి ధర టెలిప్రింటర్ మీద బొంబాయికి వచ్చేవి. ఆ ధరల అంకెల మీద పందేలు కాసేవాళ్లు. దాన్ని అంకడా జూదం అనేవారు. ఓపెన్, క్లోజ్ అనే రెండు మాటలు మట్కాకు ఇక్కడి నుంచే వచ్చాయి, ఇప్పటికీ అనంతపురం, కడప సందుల్లో కూడా అవే వినిపిస్తాయి. 1961లో న్యూయార్క్ నుంచి ఆ ధరలు రావడం ఆగిపోయింది. ధర లేకపోతే ఆట ఆగిపోవాలి. ఆగలేదు. కచ్ నుంచి వచ్చి వర్లీలో కిరాణా దుకాణం నడుపుకున్న కల్యాణ్‌జీ భగత్ 1962లో, కరాచీ నుంచి వచ్చిన సింధీ రతన్ ఖత్రీ 1964లో తమ సొంత అంకెలు తీయడం మొదలుపెట్టారు. మొదట కుండలో చీటీలు వేసి తీశారు, తర్వాత పేకముక్కలు వచ్చాయి. భగత్ ఆట వారమంతా నడిచేది, ఖత్రీది ఆరు రోజులు. రాత్రి తొమ్మిదికి ఓపెన్, పన్నెండుకు క్లోజ్ తెలిసేవి, టెలిఫోన్ల మీద ఊళ్లు దాటేవి. భివండీ పక్కనే ఉన్న కల్యాణ్ ఊరిదే కల్యాణ్ మట్కా అనుకునేవాళ్లు ఉన్నారు కానీ ఆ పేరు కల్యాణ్‌జీది. ఇందులో చరిత్రకారుడు ఆగి చూడవలసినది 1961కీ 1962కీ మధ్య జరిగిన మార్పిడి. అంకె వెనక ఉన్న సరుకు మాయమైంది. అంకె మాత్రం మిగిలింది. ఆడేవాళ్లలో దాదాపు ఎవరికీ తేడా కనపడలేదు. కనపడకపోవడం మూర్ఖత్వం కాదు, ఎందుకంటే నిజానికి తేడా లేదు: సరుకు ఉన్నప్పుడు కూడా చివరి అంకె గురించి ఆ సరుకు ఏమీ చెప్పలేదు.

ఆట తీరు ఇది. సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెల్లో మూడు తీస్తారు, ఆసు నుంచి పది దాకా ముక్కలున్న పేకతో తీస్తే పదిని సున్నాగా లెక్కిస్తారు. ఆ మూడింటినీ వరసలో పేరిస్తే పానా. మూడూ కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకె ఆ పూట అంకె. రెండూ, అయిదూ, తొమ్మిదీ వస్తే మొత్తం 16, అంకె ఆరు. ఓపెన్‌కు ఇలా ఒకసారి, క్లోజ్‌కు మరోసారి. రెండు అంకెలూ కలిపితే జోడీ, మన వైపు బ్రాకెట్ అంటారు. ఒక్క అంకె మీద కాయవచ్చు, జోడీ మీద కాయవచ్చు, పానా మీద, రెండు పానాల సంగమం మీద కూడా కాయవచ్చు. మొత్తం పానాలు 220: మూడంకెలూ వేరువేరుగా ఉన్నవి 120, రెండు ఒకటైనవి 90, మూడూ ఒకటైనవి 10. ప్రతి అంకెకు సరిగ్గా 22 పానాలు వస్తాయి, పన్నెండు, తొమ్మిది, ఒకటి చొప్పున. మట్కా చార్టులు చూసినవాళ్లందరికీ ఈ పట్టిక తెలుసు. ఆ సమానత్వం ఎందుకు వచ్చిందో చూస్తే మిగతా వాదమంతా అక్కడే తేలిపోతుంది.

మూడు అంకెలకూ ఒక్కొక్కటి కలపండి, తొమ్మిదికి కలిపితే సున్నా అనుకోండి. మొత్తం మూడు పెరుగుతుంది, కాబట్టి చివరి అంకె మూడు స్థానాలు జరుగుతుంది. మళ్లీ కలిపితే మరో మూడు. ఇలా పదిసార్లు కలిపితే చివరి అంకె 0, 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7 అని పదింటినీ చుట్టి మొదటికి వస్తుంది. ఒక పానా వచ్చే అవకాశం ఎంతో, అంకెలన్నిటినీ ఒకటి జరిపితే వచ్చే పానాకూ అంతే అవకాశం, ఎందుకంటే పేకలో ప్రతి అంకెకూ ముక్కలు సమానమే. కాబట్టి పది అంకెల అవకాశాలూ ఒక్క వెంట్రుక తేడా లేకుండా సమానం. మూడు ముక్కలు ఒకే పేకలోంచి తీసినా, మూడు వేరు పేకల్లోంచి తీసినా, చీటీని కుండలోకి తిరిగి వేసినా వేయకపోయినా ఇది మారదు. మూడంకెలు కూడడం వల్ల ఆటలో ఏదో లోతు ఉన్నట్టు, విప్పవలసిన ముడి ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ కూడిక వల్ల కొత్తగా వచ్చింది ఏమీ లేదు. కుండలో పది చీటీలు వేసి ఒకటి తీసినా ఇదే ఫలితం.

ఇక చెల్లింపు. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి రేట్లు కొంచెం మారినా ఎక్కువగా నడిచినవి ఇవి: ఒక్క అంకెకు రూపాయికి తొమ్మిది, జోడీకి తొంభై, వేరువేరు అంకెల పానాకు 140, రెండు ఒకటైన పానాకు 280, మూడూ ఒకటైన పానాకు 600. కాసిన రూపాయి కూడా ఆ తొమ్మిదిలోనే కలిసిపోతుంది. అంకె పదిసార్లకు ఒకసారి వస్తుంది కాబట్టి పది రూపాయలు పెడితే సగటున తొమ్మిది తిరిగొస్తాయి, పదో వంతు నిర్వాహకుడిది. జోడీ నూటికి ఒకటి, తొంభై వస్తాయి, అక్కడా పదో వంతే. ముక్కలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తీస్తే, వేరువేరు అంకెల పానా వెయ్యికి ఆరుసార్లు వస్తుంది. ఆరును 140తో గుణిస్తే 840, అంటే నూటికి 16 పోతాయి. మూడూ ఒకటైన పానా వెయ్యికి ఒకసారి, వచ్చేది 600, నూటికి 40 పోతాయి. రెండు పానాలూ కలిపి చెప్పే సంగమానికి రూపాయికి పదివేలు ఇస్తారంటే ఒళ్లు జలదరిస్తుంది. రెండూ వేరువేరు అంకెల పానాలైనప్పుడు లెక్క కడితే నూటికి 64 నిర్వాహకుడి దగ్గరే మిగిలిపోతాయి. ఆశ ఎంత పెద్దదైతే వాటా అంత పెద్దది. ఈ పట్టికలో ఆటగాడి ముందున్న తెలివైన ఎంపిక ఒక్కటే, పానాల జోలికి పోకుండా అంకె మీదో జోడీ మీదో ఉండిపోవడం. అప్పుడు కూడా పదో వంతు పోతుంది. దాన్ని తగ్గించే ఉపాయం లేదు, కనిపెట్టలేకపోవడం వల్ల కాదు, ఉండే వీలు లేకపోవడం వల్ల.

ఉపాయానికి వీలున్న ఆట ఎలా ఉంటుందో చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. బ్లాక్‌జాక్‌లో ఆటగాడికి రెండు ముక్కలు పడతాయి, పంచేవాడికి రెండు పడతాయి, వాటిలో ఒకటి తెరిచి ఉంటుంది. 21 దాటకుండా దానికి దగ్గరగా వెళ్లడం పని. పంచేవాడికి స్వేచ్ఛ లేదు, 16 వరకు ముక్క తీసుకోవాలి, 17కి ఆగాలి. ఆటగాడు మాత్రం ఎదుటి ముక్క చూశాక తీసుకోవడమా, ఆగడమా, పందెం రెట్టింపు చేయడమా, జతను విడదీయడమా తేల్చుకుంటాడు. అమెరికా సైన్యంలో పనిచేస్తూ మేరీలాండ్‌లోని అబర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్‌లో ఉన్న నలుగురు, రోజర్ బాల్డ్విన్, విల్బర్ట్ కాంటీ, హెర్బర్ట్ మైజెల్, జేమ్స్ మెక్‌డెర్మాట్, బల్ల మీది లెక్కల యంత్రాలతో ప్రతి సందర్భానికీ సంభావ్యత కట్టి 1956లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పట్టిక అచ్చువేశారు. పోయిన ముక్కలు గుర్తుపెట్టుకోనక్కరలేదు, చేతిలో ఉన్నదీ ఎదురుగా ఉన్నదీ చూసి పట్టిక చెప్పినట్టు చేస్తే చాలు. చేతిలో 16 ఉండి ఎదుట ఆరు కనిపిస్తే ఆగాలి, ఎందుకంటే ఆరుతో మొదలైన పంచేవాడు నూటికి నలభై సార్లకు పైగా 21 దాటి పడిపోతాడు. అదే 16కి ఎదుట ఏడు కనిపిస్తే తీసుకోవాలి. పంచేవాడిని అనుకరిస్తూ 16 వరకు తీసుకుని 17కి ఆగేవాడు నూటికి అయిదుకు పైగా పోగొట్టుకుంటాడు. పట్టిక పట్టుకున్నవాడి నష్టం నూటికి 0.62 అని ఆ నలుగురూ తేల్చారు. ఎడ్వర్డ్ థార్ప్ ముక్కల లెక్కింపుతో పుస్తకం రాసింది ఆ తర్వాత, 1962లో. లోకం థార్ప్‌ను గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం ఆ నలుగురి పనే గొప్పదనిపిస్తుంది, జ్ఞాపకశక్తి అక్కరలేకుండా మామూలు మనిషి చేతికి అందే సమాధానం కాబట్టి.

నూటికి అయిదు 0.62కి ఎలా తగ్గింది? ఆటలో కబురు ముందు వచ్చి నిర్ణయం తర్వాత వస్తుంది కాబట్టి. ఎదుటి ముక్క ఒక కబురు. దాన్ని విన్నాక ఏదో ఒకటి చేసే అవకాశం ఆటగాడికి ఉంది. ఆ నలుగురు కనిపెట్టింది ఏ కబురుకు ఏ నిర్ణయం తగినదో, అంతే. అదే బ్లాక్‌జాక్‌లో పంచేవాడి తెరిచిన ముక్క ఆసు అయినప్పుడు ‘ఇన్సూరెన్స్’ అని మరో పందెం కాయమంటారు. దాని కింద పదివిలువ ముక్క ఉంటే రెండింతలు ఇస్తారు. ఒక పేకలో పదివిలువ ముక్కలు 16, కనపడనివి 51, నూటికి 31 అవకాశం. నష్టం లేకుండా ఉండాలంటే నూటికి 33 కావాలి. రక్షణలా కనిపించే ఆ పందేన్ని పట్టిక ఎప్పుడూ వద్దంటుంది. మట్కాలో కాసే సమయానికి ఏ ముక్కా తెరిచి లేదు. ముక్క తెరిచాక చేయవలసిన పని లేదు. ఓపెన్ తెలిశాక క్లోజ్ మీద కాయవచ్చు కదా అంటే, ఓపెన్‌లో వచ్చిన అంకె క్లోజ్‌లో రాబోయే అంకె గురించి ఏమీ చెప్పదు. కబురు ఉంది, అది వేరే ఆటది.

ఈ తేడాను మన న్యాయస్థానం కూడా పట్టుకుంది, అదీ తెలుగునేల నుంచి వెళ్లిన కేసులో. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద 1963లో పోలీసులు దాడి చేశారు. హైదరాబాద్ జూద చట్టం కింద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య వ్యాజ్యంగా 1967 నవంబరులో తేలింది. మూడుముక్కలాటలాంటిది కాదు రమ్మీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి, కాబట్టి ప్రధానంగా అది నేర్పు ఆట అని న్యాయమూర్తి హిదాయతుల్లా ధర్మాసనం చెప్పింది. ముక్కను చూసి ఉంచుకోవడం, పారేయడం అన్న ఆ మాటల్లోనే కబురూ నిర్ణయమూ రెండూ ఉన్నాయి. అయితే నేర్పు ఉన్నంతమాత్రాన డబ్బు వస్తుందని దాని అర్థం కాదు. నేర్పుకు చోటుందని మాత్రమే అర్థం. బ్లాక్‌జాక్ పట్టికను కంఠతా పట్టినవాడు కూడా నెమ్మదిగా ఓడిపోతాడు, అది ఆ నలుగురు దాచలేదు. వెయ్యి రూపాయల పందేల మీద వాడికి ఆరు పోతాయి, మట్కా అంకెల మీద నూరు పోతాయి. ఆరుకూ నూరుకూ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇక్కడ ప్రశ్న. పైగా ఆ ఆరు రూపాయల ఆట భివండీ కార్మికుడికి చట్టబద్ధంగా ఎన్నడూ అందలేదు. మహారాష్ట్ర 1976లో కాసినోల చట్టం చేసింది, దాన్ని ఎప్పుడూ అమల్లోకి తేలేదు, 2023లో రద్దు చేసింది. కాసినోలు గోవాలో పడవల మీద, సిక్కింలో నడిచాయి, డబ్బున్నవాళ్ల కోసం. ఇరవై నాలుగు గంటలు తిరిగే సాంచాల మధ్య చీటీ మీద అంకె రాసిచ్చే మనిషి మాత్రం నడిచే దూరంలో ఉండేవాడు.

మరి చార్టులెందుకు? మట్కా ఆడేవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి ఫలితాల పట్టికలు ఉండేవి. వారాల వారీగా, ఓపెన్-క్లోజ్ వారీగా, పానాలతో సహా. వాటి మీద గీతలు గీసి, ఏటవాలుగా కూడి, నిరుటి ఇదే వారంతో పోల్చి రేపటి అంకె చెప్పే పద్ధతులు పుట్టాయి. దీన్ని అంధవిశ్వాసం అని తోసేయడం సులువు. కానీ కార్ఖానాలో ఆ మనిషి చేసే పని ఏమిటి? నూలు ధర కిందటి నెల ఎంత, ఈ నెల ఎంత అని సేటు చూస్తాడు, గ్రే క్లాత్ ధర చూస్తాడు, బీములు దించాలా ఆపాలా తేల్చుకుంటాడు. నిన్నటి అంకె రేపటి అంకె గురించి నిజంగానే ఏదో చెప్పే బజారులో వాళ్లు బతికారు. అక్కడ పాత అంకెలు చదవడం తెలివే. మట్కా తనను తాను బజారు అనే పిలుచుకుంది, తెరవడం, మూయడం అనే పత్తి ఎక్స్ఛేంజి పద్ధతిని యథాతథంగా ఉంచుకుంది, ఫలితాలను ధరల పట్టికల్లాగే అచ్చువేయించుకుంది. ఏడాది పొడవునా పత్తితో, నూలుతో బేరమాడే ఊళ్లో ఆ రూపానికి దొరికే నమ్మకం ఊరికే దొరికింది కాదు. పొడుగైన పట్టికలో ఎక్కడో ఒకచోట ఏదో ఒక వరస కనిపిస్తుంది కూడా. రోజుకు రెండంకెలు తీస్తూపోతే ఒకే అంకె మూడుసార్లు వరసగా రావడం తరచుగా జరిగేదే. కనిపించిన వరస నిజం, దానికి అర్థం ఉందనుకోవడమే పొరపాటు.

చార్టు పద్ధతిని వెనకేసుకొచ్చేవాళ్ల మొదటి వాదన: చాలా రోజులుగా రాని అంకె త్వరలో వచ్చి తీరాలి, దాన్నే పట్టుకుని పందెం పెంచుకుంటూ పోతే ఎప్పటికో ఒకప్పటికి గెలుపే. లెక్క కడదాం. పది రూపాయలతో మొదలుపెట్టి, ఎప్పుడు వచ్చినా పోయినదంతా పూడి ఎనభై మిగిలేలా పందెం పెంచుకుంటూ వెళ్లాలనుకుందాం. ఇరవైసార్లు రాకపోతే అప్పటికి పెట్టినది దాదాపు 764 రూపాయలు. ముప్పైసార్లు రాకపోతే 2,659. ఒక అంకె వరసగా ముప్పైసార్లు రాకుండా ఉండే అవకాశం నూటికి నాలుగు కంటే కొంచెం ఎక్కువ. అక్కడితో జేబు ఖాళీ అనుకుంటే, ఇలాంటి ప్రయత్నాలు నూరు చేసినవాడు సుమారు 96 సార్లు ఎనభై చొప్పున 7,680 గెలుస్తాడు, నాలుగుసార్లు 2,659 చొప్పున 10,636 పోగొట్టుకుంటాడు. గెలిచిన 96 సార్లూ పద్ధతి పనిచేసినట్టే కనిపిస్తుంది, పక్కవాడికి చెప్పుకోవడానికి బాగుంటుంది. పోయిన నాలుగుసార్లకు దురదృష్టం అనే పేరు పెట్టుకుంటారు. పద్ధతి పదో వంతును తగ్గించలేదు, దాన్ని అరుదైన పెద్ద దెబ్బల్లోకి మళ్లించింది. ఆ దెబ్బ తగిలే రోజు ఊరికి పంపవలసిన డబ్బు పోయే రోజు కూడా అవుతుంది.

రెండో వాదన ఇంకా బలమైనది: అంకెలు నిజాయితీగా తీస్తారన్న గ్యారంటీ ఏముంది, నిర్వాహకుడు కావాలని తీస్తే అందులో వరస ఉంటుంది కదా, ఆ వరసను చదవవచ్చు కదా. ఖత్రీకి జనం ముందే ముక్కలు తీయించేవాడని పేరు, అతని ఆట అంతగా పాకడానికి అదొక కారణం. ఎవరో ఒకరు మోసం చేశారనే అనుకుందాం. చేస్తే దేనికోసం చేస్తారు? తక్కువ డబ్బు కాసిన అంకెను తీయడానికి. చార్టు చూసేవాళ్లంతా ఒకే పట్టిక చూస్తారు, ఒకే రకం గీతలు గీస్తారు, ఒకే అంకె మీదికి మూగుతారు. మోసం ఉన్న ఆటలో రాకుండా పోయే మొదటి అంకె అదే. వరసను చదవాలంటే ఏ అంకె మీద ఎంత కాశారో తెలియాలి, అది బుకీల లెక్కలు చేరే చోట తప్ప చీటీ పట్టుకున్నవాడికి తెలియదు. నిజాయితీ ఉన్న ఆటలో చార్టుకు విలువ సున్నా, మోసమున్న ఆటలో సున్నాకంటే తక్కువ. నిజానికి నిర్వాహకుడికి మోసం అక్కరే లేదు. వేలమంది కాస్తున్నప్పుడు పది అంకెల మీదా డబ్బు సర్దుకుంటుంది, ఎక్కడైనా బరువెక్కితే మరో బుకీ దగ్గర దించుకుంటాడు. ఏది వచ్చినా పదో వంతు నికరం. ఎమర్జెన్సీలో ఖత్రీని జైల్లో పెట్టారు, బయటికి వచ్చాక ఆట మళ్లీ నడిచింది. 2008లో కల్యాణ్‌జీ కొడుకు సురేశ్ భగత్ హత్యకు గురయ్యాడు. మనుషులు మారినా, పోయినా రేట్ల పట్టిక నడుస్తూనే ఉంది.

మూడో వాదనను తేలిగ్గా తీసిపారేయలేను. కార్మికుడికి సగటుతో పనేముంది, ఎప్పుడూ పది రూపాయల్లో బతికేవాడికి ఒక్కసారి తొమ్మిది వందలు చేతికొస్తే కూతురి పెళ్లి ఖర్చులో ఒక మూల తీరుతుంది, బ్యాంకు వాడికి అప్పివ్వదు, పది రూపాయల్లో ఒకటి పోవడం ఆ ఆశకు కట్టిన ధర అంటారు. పెద్ద మొత్తం అవసరం నిజమే. కానీ అదే అవసరానికి తెలుగువాళ్లు ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకుపోయిన సాధనం ఒకటుంది. చిట్టీ. అందులోనూ చీటీలు వేసి తీస్తారు, అదృష్టం ముందు ఎవరికి తగులుతుందో చెప్పలేరు. ఇరవైమంది నెలకు 500 చొప్పున వేస్తే నెలకు పదివేల చిట్టీ. 1982 చిట్‌ఫండ్ చట్టం నిర్వాహకుడి కమీషన్‌ను 5 శాతానికి కట్టడి చేసింది, 2019లో అది 7 అయింది. అయిదు శాతం తీసేసినా లాటరీ చిట్టీలో ప్రతివాడికీ ఒకసారి 9,500 ఒక్క మొత్తంగా అందుతుంది, అదృష్టం కేవలం ముందా వెనకా అన్నది తేలుస్తుంది. నెలకు అదే 500 మట్కా అంకెల మీద పది రూపాయల చొప్పున కాస్తే ఇరవై నెలల్లో పదివేలకు సగటున 9,000 తిరిగొస్తాయి. ఈ రెండు అంకెలూ దగ్గరగానే ఉన్నాయని ఒప్పుకోవాలి. తేడా రాబడి రూపంలో ఉంది. మట్కా 9,000 తొంభై రూపాయల ముక్కలుగా, నెలకు సుమారు అయిదుసార్లు వస్తుంది, వచ్చినది మళ్లీ చీటీ మీదికే వెళుతుంది, వెళ్లిన ప్రతిసారీ దాన్లో పదో వంతు తెగుతుంది. పెద్ద మొత్తం కోసం మొదలుపెట్టినవాడికి పెద్ద మొత్తం తప్ప అన్నీ దొరుకుతాయి. నమోదు లేని చిట్టీ వేసినవాడు పారిపోయిన కథలు ప్రతి బస్తీలోనూ ఉన్నాయి. అది మనిషిని నమ్మడంలో ఉన్న ప్రమాదం. మట్కాలో అందరూ నమ్మకస్తులే అయినా నష్టం ఖాయం.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు పని మానేశారు. మిల్లులు చాలావరకు మళ్లీ తేరుకోలేదు. బట్ట నేయడం భివండీ లాంటి మరమగ్గాల ఊళ్లకు మళ్లింది, పని పోయిన మనుషులూ, పాత సాంచాలూ అటే మళ్లాయి. కొన్ని సాంచాలు సిరిసిల్ల దాకా వెళ్లాయి. గిరణ్‌గావ్ మిల్లు వాడల్లో అలవాటైన ఆట కూడా ఆ దారినే నడిచింది. మిల్లులో నెల జీతం, యూనియన్, భవిష్య నిధి ఉన్నప్పుడు ఆ పదో వంతు ఒక కన్నం. పిక్కు రేటు మీద బతికే మరమగ్గం షెడ్డులో, జీతం ఏ వారానికి ఎంతో తెలియని చోట, అదే కన్నం గుండె మీదికి వచ్చింది. తర్వాత పోలీసు దాడులు పెరిగి ఆట నగరం బయటికి, పక్క రాష్ట్రాలకు చెదిరిపోయింది. రాయలసీమలో బీటర్లనే ఏజెంట్ల చేతుల్లో చీటీలయింది, చివరికి ఫోన్లలోకి చేరింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ, నేర్పువీ అదృష్టానివీ అని తేడా చూడకుండా నిషేధించింది. 1967లో హిదాయతుల్లా గీసిన గీత ఆన్‌లైన్‌లో ఆ మేరకు చెరిగిపోయింది. లెక్కలో మాత్రం అది చెరగదు. నేర్పు ఉన్న ఆటలో నష్టం ఆటగాడి నిర్ణయాన్ని బట్టి మారుతుంది, మట్కాలో ఏ అంకె ఎంచుకున్నా మారదు. ఫోన్లో నడిచే మట్కాలు కొన్ని ఇప్పుడు జోడీకి తొంభై బదులు తొంభై అయిదు ఇస్తామని పిలుస్తున్నాయి. అక్కడ పోయేది పదో వంతు కాదు, ఇరవయ్యో వంతు. అరవై ఏళ్లలో ఆటగాడి పక్షాన జరిగిన మార్పు ఇదొక్కటే, అదీ చార్టులు గీసినవాళ్ల వల్ల వచ్చింది కాదు, నిర్వాహకుల మధ్య పోటీ వల్ల వచ్చింది.